సీసం బిళ్ళలు

“గాలి కొడితే ఏమైపోతావే? అసలే పిట్టంత ఉన్నావు. ఆ కొండ మీద గాలికి లారీలే ఊగిపోతాయట. ఇంక నువ్వొక లెక్కా!”

కంగారక్క ఈ మాట అన్నది వంటింట్లో నిలబడి, ఉడికిన బంగాళాదుంపల తొక్క తీస్తూ. అప్పటికి గాలీ లేదు, కొండా లేదు. కూతురు సైకిలెక్కడానికి ఇంకా వారం ఉంది. కిటికీకి వేలాడుతున్న పరదా ఉలకడం లేదు, పలకడం లేదు. కానీ వానాకాలానికి ముందే గొడుగు బాగుచేయించుకునే వాళ్ళలా ఆవిడ రాబోయే భయాలన్నీ ముందుగానే పడి ఉంచుకునేది. అప్పటికప్పుడు భయపడాలంటే తీరిక దొరకొద్దూ?

“లారీది పెద్ద ఒళ్ళమ్మా, అందుకే గాలికి దొరుకుతుంది. నన్ను పట్టుకోవాలంటే గాలి వెతుక్కోవాలి,” అంది కూతురు, ఒలిచిన దుంప ఒకటి నోట్లో వేసుకుని.

“నవ్వు, నవ్వు. రేపు నేనేడుస్తుంటే కూడా ఇలాగే నవ్వు.”

కంగారక్క అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. పరదాలు కుట్టే దుకాణంలో ఆవిడ అందరికంటే పాత మనిషి. సాయంత్రం దుకాణం మూశాక వీధి మలుపు దాకా వెళ్ళి, ఇస్త్రీపెట్టె ఆపానా లేదా అని వెనక్కొచ్చి చూసేది. ఒక్కోసారి, ఇందాక వచ్చినప్పుడు సరిగ్గా చూశానా లేదా అని చూడ్డానికి మళ్ళీ వచ్చేది. అది చూసి తోటి కుట్టుపనివాళ్ళు పెట్టిన పేరది. ఆవిడ భర్త ఓడ మీద వంటవాడు, ఏడాదిలో సగం రోజులు నీళ్ళ మీదే. అందుకని ఇంట్లో తుఫాను భయమంతా ఆయన వాటా, రోడ్డు భయమంతా కూతురి వాటా.

కూతురిని అందరూ పిట్ట అనేవాళ్ళు. కట్టుడు పళ్ళు తయారుచేసే చోట పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మైనంలో, సున్నపు ముద్దలో ఎవరెవరివో పళ్ళు చెక్కి, ఆ తెల్లటి పొడి జుట్టులో ఉండగానే సైకిలెక్కేది. మొదట్లో చెరువుగట్టు దాకా. తర్వాత పక్క ఊరి దాకా. ఇప్పుడేమో రెండు వందల కిలోమీటర్ల సైకిలు పోటీ. తెల్లవారకముందు ఊళ్ళో బయల్దేరి, పొలాల మధ్య రోడ్డు మీద పడి, కొండ ఇటువైపు నుంచి ఎక్కి, అటువైపు దిగి, నది పక్కగా తిరిగి చీకటిపడే లోపల బయల్దేరిన చోటికే రావాలి.

ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు కంగారక్క అడిగింది: “రెండు వందల కిలోమీటర్లు పోయి, మళ్ళీ బయల్దేరిన చోటికే వస్తావా? అయితే అసలు పోవడం దేనికి?”

పిట్ట సైకిలు గొలుసుకి నూనె వేసుకుంటూ నవ్వేసింది. ఆ ప్రశ్నకి జవాబు ఎవరి దగ్గరా ఉండదు.

కిందటేడే వెళ్ళాల్సింది. బయల్దేరే రోజు కంగారక్కకి తల తిరిగి మంచమెక్కడంతో పిట్ట సైకిలు గోడకి ఆనించేసింది. ఈ ఏడు అలా కాకూడదని కంగారక్క తమ్ముడు, అంటే పిట్టకి మావయ్య, మధ్యలో కూర్చుని ఒప్పందం కుదిర్చాడు. దుకాణం పరదాలని ఇళ్ళకి చేరవేసే వ్యాను తోలేది అతనే.

“చూడక్కా. కొండెక్కే వరకూ పిల్లది దాని ఇష్టం. పైన మనిద్దరం ఉంటాం. వచ్చిన పిల్లని నువ్వు నీ కళ్ళతో చూసుకో. దిగమంటే దిగుతుంది, వద్దంటే సైకిలు వ్యానులో పడేసి ఇంటికి తెచ్చేస్తాం. ఏమే పిట్టా, సరేనా?”

పిట్ట నేల చూస్తూ, “సరే,” అంది. ఇష్టపడి అన్న సరే కాదు, ఇంకో దారి లేని వాళ్ళు అనే సరే అది. ఎక్కడం కష్టమే గానీ ఎక్కి ఆగిపోతే మొత్తం వృథా. చుట్టు పూర్తయితేనే పూర్తయినట్టు. సగం చుట్టు అంటూ ఏమీ ఉండదు.

కంగారక్క మాత్రం ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. ఎందుకంటే వద్దనాలని ఆవిడ అప్పుడే నిశ్చయించుకుంది. ఎక్కడమంటే ఎక్కుతుంది, పడితే నెమ్మదిగా పడుతుంది. భయమంతా దిగడంలోనే ఉంది.

అయినా నిశ్చయాన్ని మాత్రం నమ్ముకుని కూర్చుంటే ఆవిడ కంగారక్క ఎందుకవుతుంది? పొరపాటున మెత్తబడి దిగమంటే? అప్పుడు గాలి కొడితే?

ఆ వారంలోనే దుకాణానికి ఒకావిడ వచ్చి, తన మేడ వసారాకి కుట్టిన పరదా గాలికి ఎగిరి పక్కింటివాళ్ళ పూలకుండీలు పడగొట్టిందని గొడవ చేసింది. కంగారక్క ఆ పరదా అంచు విప్పి, లోపల సీసం బిళ్ళలు పెట్టి, మళ్ళీ కుట్టింది. రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దవి, చూడ్డానికి చిన్నవే గానీ చేతిలో వేసుకుంటే అరచెయ్యి కిందికి జారుతుంది. మర్నాడు ఆ గొడవ చేసినావిడే ఫోను చేసి, ఎంత గాలికీ పరదా ఇప్పుడు బుద్ధిగా నిలబడుతోందని మెచ్చుకుంది.

మిషను ముందు కూర్చున్న కంగారక్క కాలు తొక్కుడు మీద అలాగే ఆగిపోయింది.

మనిషి ఎత్తు పరదానే నిలబెట్టిన బిళ్ళలు, పిట్టంత పిల్లని నిలబెట్టవా?

సైకిలు సీటు కింద కట్టుకునే సంచి జిప్పు ఊడిపోయిందని పిట్ట అప్పటికే రెండుసార్లు అనుంది. “కొత్తది నేను కుట్టి ఇస్తాలేవే,” అంది కంగారక్క, ఎప్పుడూ లేనంత ప్రేమగా. తడవని గుడ్డ తెచ్చింది. అడుగు రెండు పొరలు వేసింది. ఆ రెండు పొరల మధ్య, గలగలమని చప్పుడు కాకుండా ఒక్కో బిళ్ళకీ ఒక్కో గది కుట్టింది. రెండు వరసలు వేశాక ఇంకా చోటుందనిపించి మూడో వరస కూడా వేసింది. ఇంతా చేస్తే బయటికి ఏమీ తెలియలేదు. దుకాణంలో అంత శుభ్రమైన కుట్టు ఆవిడకి తప్ప ఎవరికీ రాదు.

“బరువుగా ఉందేమిటమ్మా?” అంది పిట్ట సంచి చేతిలోకి తీసుకుని.

“గుడ్డ మందం. నా చేతి కుట్టుకి కూడా వంకలు పెడుతున్నావా?”

పిట్ట ఇంకేం మాట్లాడుతుంది? ట్యూబు, పానాలు, ఫోను అందులో కూరేసి, తల్లి బుగ్గ గిల్లింది.

* * *

పోటీ రోజు. కొండ పైన మజిలీ అంటే ఒక డేరా, రెండు బల్లలు, నీళ్ళ డ్రమ్ములు, గెలలు గెలలుగా అరటిపళ్ళు. ఆ మజిలీకి పెద్ద ఒక డ్రిల్లు మాస్టారు. బళ్ళో ఉద్యోగం మానేసి చాలాకాలమైనా మెళ్ళో ఈల మాత్రం మానలేదు. కంగారక్క వ్యాను దిగుతూనే డేరా తాళ్ళు నాలుగూ లాగి చూసి, ఒకటి వదులుగా ఉందని చెప్పి, ఈ రాయి దొర్లితే ఎవరి కాలి మీద పడుతుందని అడగడంతో ఆయనకి ఆవిడ సంగతి అర్థమైపోయింది.

“అమ్మా, మీరిలా కూర్చోండి. వచ్చినవాళ్ళ కార్డు మీద ఈ ముద్ర కొట్టాలి. మూడింటికి మజిలీ మూసేస్తాం. మూడు దాటి ఒక్క క్షణమైనా ముద్ర లేదు, ముద్ర లేకపోతే వాళ్ళ పని అంతటితో సరి. చేతికి పనుంటే మనసు కుదురుగా ఉంటుంది.”

“తప్పు కొడితేనో?”

“ముద్ర తప్పెలా కొడతారమ్మా?”

“తలకిందులుగా పడితేనో?”

మాస్టారు ఈల నోట్లో పెట్టుకుని ఊదకుండా ఊరుకున్నారు.

గాలి ఉంది. అబద్ధమెందుకు, కంగారక్క అన్నంతా ఉంది. డేరా గుడ్డ పటపటా కొట్టుకుంటోంది. రోడ్డు అవతలి అంచుకి వెళ్ళి తొంగిచూసింది ఆవిడ. దిగే దారి. మలుపు తర్వాత మలుపు, పక్కన అడ్డుగోడ ఉన్నచోట ఉంది, లేనిచోట లేదు. అడుగున నది సన్నగా మెరుస్తోంది. ఆవిడ ఒక్కసారి చూసి, వెనక్కొచ్చి కూర్చుని, తమ్ముడితో మెల్లిగా, “వ్యానులో సైకిలు పట్టడానికి చోటు చేసి ఉంచు,” అంది.

“ఇంకా పిల్ల కొండెక్కడం మొదలైనా పెట్టలేదక్కా!”

“అందుకే ఇప్పుడే చెయ్యమంటున్నా.”

మొదటివాడు కనిపించేసరికి మాస్టారు ఈల వేశారు. వంపులో నుంచి ఒక తల, తర్వాత భుజాలు, తర్వాత మొత్తం మనిషి పైకి తేలాడు. ముఖం బీట్‌రూట్ దుంపలా ఉంది. ఆ పిల్లాడెవరో తెలియదు, వాడి తల్లెవరో తెలియదు. అయినా కంగారక్క చేతిలో ముద్ర పట్టుకుని లేచి నిలబడింది. “నెమ్మది నాయనా, నెమ్మది, పడతావు!” అని అరిచింది. వాడు పడలేదు. కార్డు చాచాడు. ఆవిడ కొట్టిన దెబ్బకి బల్ల మీది గ్లాసులు ఎగిరాయి. ముద్ర నిటారుగా, నల్లగా, అందంగా పడింది.

“భేష్!” అన్నారు మాస్టారు.

రెండోవాడు వచ్చాడు. తర్వాత ముగ్గురు ఒకేసారి. తర్వాత భార్యాభర్తలు, ఒకరినొకరు తిట్టుకుంటూనే పక్కపక్కన తొక్కుకుంటూ. నాలుగైదు ముద్రలయ్యేసరికి కంగారక్కకి ఊపొచ్చేసింది. అరటిపండు సగం ఒలిచి ఇచ్చేది. నీళ్ళు తాగేటప్పుడు వెన్ను నిమిరేది. “అంతేనయ్యా, అయిపోయింది, కొండ నీ కాళ్ళ కింద ఉంది!” అని తనకే తెలియకుండా కేక వేసేది. తమ్ముడు వ్యానులోని ఇనప గొట్టం తీసి నీళ్ళ డ్రమ్ము మీద మోగించడం మొదలుపెట్టాడు. ఆ మోత విని కింది మలుపుల్లో ఉన్నవాళ్ళు తలెత్తి చేతులూపేవాళ్ళు. కొండ కొండంతా పెళ్ళివారి ఇల్లులా అయిపోయింది. ఆ సందడిలో ఆవిడ కాసేపు భయపడ్డమే మర్చిపోయింది.

ఆ సమయంలోనే బ్యాంకు ఉద్యోగి ఒకాయన వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ముద్ర వేయించుకుని, జేబులోంచి పళ్ళు తోముకునే బ్రష్షు తీసి అందరికీ చూపించాడు. పిడి లేదు. వేలంత ముక్క, కుచ్చు మాత్రం ఉంది.

“ఇదేం అవతారమండీ?” అన్నాడు కంగారక్క తమ్ముడు.

“బరువు, బాబూ, బరువు! పిడి కోసేశాను. తాళంచెవుల గుత్తి ఇంట్లో పెట్టొచ్చాను. మా ఆవిడైతే ఉంగరం కూడా తీసి పొమ్మంది. దానికేదో వేరే అర్థం ఉందేమోనని భయమేసి ఉంచుకున్నా.”

అందరూ నవ్వారు. కంగారక్క నవ్వలేదు.

“పుల్లంత పిడికి బరువేమిటండీ?” అంది నెమ్మదిగా.

“చదును మీద తెలియదమ్మా,” అన్నారు మాస్టారు. “కొండ మీద సైకిలు మిమ్మల్ని మొయ్యదు, మీరే సైకిల్ని మోస్తారు. గ్రాము గ్రామూ కాలి మీదే పడుతుంది. ఆ చివరి మలుపుల్లో చూడండి, మనుషులు జేబులో చిల్లర కూడా విసిరేద్దామా అనుకుంటారు.”

“మరి... బరువుంటే గాలికి నిలబడుతుంది కదండీ? పరదాలాగా?”

“పరదా ఒకచోట వేలాడుతుందమ్మా. ఇది పోయే బండి. సీటు కింద బరువు వేలాడితే నిలబెట్టదు సరిగదా, అటూ ఇటూ ఊపుతుంది. అయినా ఎవరు కడతారులెండి అలాగ?”

కంగారక్క లేచి, తమ్ముడి చెయ్యి పట్టుకుని వ్యాను వెనక్కి లాక్కెళ్ళి, జరిగింది చెవిలో చెప్పింది. అతను ముందు అర్థం కాక చూశాడు. తర్వాత వ్యాను తలుపు పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు.

“పరదా బిళ్ళలా! పిల్లకి పరదా బిళ్ళలు కుట్టావా! ఎన్నక్కా?”

“మూడు వరసలు.”

అతని నవ్వు టక్కున ఆగిపోయింది. “మూడా?”

“చోటు మిగిలిందిరా.”

“ఫోను చేసి చెప్పు. కోసి పారేస్తుంది.”

“ఫోను ఆ సంచిలోనే పడేసి, మోగకుండా చేసేసింది. నేను మాటిమాటికీ చేస్తానని.”

“సరే, పద, వ్యానులో కిందికెళ్ళి మనమే తీసేద్దాం.”

ఇద్దరూ అటు తిరిగేసరికి మాస్టారు అక్కడే ఉన్నారు. నీళ్ళ క్యాను కోసం వచ్చినాయన మొత్తం విన్నట్టున్నారు. తల అడ్డంగా ఊపారు. “మజిలీకీ మజిలీకీ మధ్య బయటివాళ్ళు చెయ్యి వేస్తే ఆ అమ్మాయి పోటీలోంచి పోయినట్టేనమ్మా. నీళ్ళిచ్చినా అంతే, సంచి తీసినా అంతే. తనంతట తాను పైకి రావాలి.”

కంగారక్క రోడ్డు అంచుకి వెళ్ళి ఎక్కే దారి వైపు చూసింది. బాగా కింద, మెలికలు తిరిగిన బూడిదరంగు దారి మీద, ఒక ఎర్రచుక్క కదులుతోంది. కదులుతోందంటే కదులుతోందనుకోవాలంతే. పిట్ట చొక్కా ఎరుపు. రెండు మలుపుల వెనక ఉన్న ఇంకో మనిషి ఆ ఎర్రచుక్కని దాటేసి ముందుకొచ్చాడు. కాసేపటికి ఇంకొకరు దాటారు. ఎర్రచుక్క ఆగింది. మళ్ళీ కదిలింది.

“ఎప్పుడూ ఇంత వెనకబడదే,” అన్నాడు తమ్ముడు మెల్లిగా. ఇప్పుడతను నవ్వడం లేదు.

నిజానికి ఆవిడ కోరుకున్నది అదే. పిల్ల ఆలస్యంగా వస్తే ముద్ర ఉండదు, ముద్ర లేకపోతే దిగడం ఉండదు, వద్దనే చెడ్డపేరు కూడా తనకి రాకుండా పని జరిగిపోతుంది. సాయంత్రానికి ఇంట్లో వేడినీళ్ళు కాచి కాళ్ళు పట్టొచ్చు. ఇందాక మాస్టారు గడువు సంగతి చెప్పినప్పుడు ఆవిడ ఈ లెక్కంతా వేసుకుని, లోలోపల సంతోషపడింది కూడా. ఇప్పుడా లెక్క అచ్చంగా తాను అనుకున్నట్టే జరుగుతుంటే, రోడ్డు అంచున ఒకచోట నిలవలేక అటూ ఇటూ తిరిగింది. పిల్ల ఓడిపోతే కొండ వల్ల ఓడిపోవాలి, గాలి వల్ల ఓడిపోవాలి. తల్లి కుట్టిన కుట్టు వల్ల ఓడిపోవడమేమిటి?

“టైమెంతయిందిరా?”

“ఇప్పుడేగా అడిగావు.”

“ఇప్పుడు అడిగినప్పుడు ఇప్పుడు కాదు, ఇప్పుడెంత?”

మాస్టారు గడియారం చూసి, బల్ల మీది ముద్ర తన ముందుకి లాక్కున్నారు. “మీ అమ్మాయి కార్డు నేను చూస్తానమ్మా. పావుగంట ఉంది.”

ఎర్రచుక్క పెద్దదైంది. చుక్కకి చేతులొచ్చాయి, తల వచ్చింది. చివరి మలుపు తిరిగేసరికి అది పిట్ట అయింది. సీటు మీద కూర్చుని లేదు, నిలబడి తొక్కుతోంది. తొక్కిన ప్రతిసారీ సైకిలు ఒక పక్కకి ఒరిగి, మళ్ళీ రెండో పక్కకి ఒరుగుతోంది. వెనక ఆ దిక్కుమాలిన సంచి గడియారం లోలకంలా ఊగుతోంది. పిల్ల నోరు తెరిచి ఉంది. కళ్ళు రోడ్డు మీదే. ఇంకా ఓ నాలుగు ఇళ్ళ దూరం ఉంది. అక్కడే రోడ్డు నిచ్చెనలా నిటారుగా లేచింది.

సైకిలు ఆగిపోయినంత పని చేసింది.

కంగారక్క పరిగెత్తింది.

యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులకి నూనె రాసుకునే మనిషి, వాలు రోడ్డు మీద చెప్పులు టపటపలాడిస్తూ కిందికి పరుగు తీసింది. వెనక నుంచి ఈల, దాని వెంటనే మాస్టారి కేక: “ముట్టుకోవద్దు! చెయ్యి తగిలిందా, అమ్మాయి ఇంటికే!”

ఆవిడ చేతులు అప్పటికే ముందుకి చాచి ఉన్నాయి. పిట్టకి సైకిలు నేర్పినప్పుడు సీటు వెనక పట్టుకుని పరిగెత్తిన చేతులవి. ఆ చేతులకి వేరే సంగతి తెలియదు. కంగారక్క రెండు చేతుల్నీ గబుక్కున వెనక్కి విరిచి, ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుంది. పోలీసులు బేడీలు వేసి తీసుకెళ్తున్నట్టు, అలాగే సైకిలు పక్కన పైకి తిరిగి పరిగెత్తింది.

పుట్టిన దగ్గర్నుంచీ ఆ పిల్లకి ఆవిడ చెప్పిన మాట ఒక్కటే. మెల్లగా. మెల్లగా తిను, మెల్లగా నడువు, మెల్లగా తొక్కు. ఇప్పుడు నోరు తెరిస్తే ఏదో వేరే గొంతు వచ్చింది.

“తొక్కు! తొక్కవే! గట్టిగా తొక్కు! ఇంకా గట్టిగా!”

పిట్ట తల తిప్పి చూసింది. ఆ మాట ఎవరన్నారో నమ్మకం కలగనట్టు చూసింది. తర్వాత పళ్ళు బిగించింది. సైకిలు కీచుమంది. ఒక అడుగు, ఇంకో అడుగు. మావయ్య డ్రమ్ము వాయిస్తున్నాడా పగలగొడుతున్నాడా తెలియడం లేదు. ముందే వచ్చి కూర్చున్న బ్యాంకు ఉద్యోగి కుర్చీ ఎక్కి అరుస్తున్నాడు. తిట్టుకుంటూ వచ్చిన భార్యాభర్తలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గెంతుతున్నారు. రోడ్డు వంపు విరిగింది, చదునైంది, పిట్ట సైకిలుతో సహా బల్ల మీద పడినంత పని చేసి కార్డు విసిరింది.

మాస్టారు గడియారం చూశారు. టప్పుమని ముద్ర పడింది. వెంటనే ఆయన ఈల తీసి పొడుగ్గా ఊదారు. మజిలీ మూసేసినట్టు.

డేరా ఎగిరిపోయేలా అరిచారు అందరూ. అందరికంటే గట్టిగా అరిచింది కంగారక్క. చేతులు మాత్రం ఇంకా వెనకే ఉన్నాయి.

“ఇప్పుడు ముట్టుకోవచ్చమ్మా,” అన్నారు మాస్టారు.

ఆవిడ కూతుర్ని వాటేసుకోలేదు. తిన్నగా సైకిలు వెనక్కి వెళ్ళి, స్వెట్టరు జేబులో నుంచి చిన్న కత్తెర తీసి, సంచి అడుగు కుట్లు చరచరా కోసేసింది. బిళ్ళలు ఒకటొకటే రోడ్డు మీద రాలి, కొన్ని దొర్లుకుంటూ వాలులోకి పోయాయి.

నీళ్ళు తాగుతున్న పిట్ట సీసా దించింది. “ఏంటమ్మా అవి?”

“పరదా బిళ్ళలు.”

“నా సంచిలోవా?”

“గాలికి ఎగిరిపోతావని. నిలబడతావని. నేనే కుట్టానే. నాకు తెలీదు, పైకెక్కేటప్పుడు అదంతా నీ కాళ్ళ మీద పడుతుందని నాకు తెలీదు.”

పిట్ట వంగి ఒక బిళ్ళ తీసింది. అరచేతిలో పెట్టుకుని ఎగరేసి చూసింది. తిడుతుందనుకుంది కంగారక్క. తిడితే బాగుండుననుకుంది.

“నా కాళ్ళే చచ్చిపోయాయనుకున్నా,” అంది పిట్ట. “రోజూ నాకంటే వెనక వచ్చేవాళ్ళంతా దాటిపోతుంటే, నేనింతేననుకున్నా. అమ్మ చెప్పిందే నిజం, నాకిది చేతకాదు, ఊరికే గొప్పలకి పోతున్నాననుకున్నా. కింద మలుపులో దిగిపోబోయాను తెలుసా?”



“మూడు వరసలే!” అని మావయ్య వెనక నుంచి అందించాడు. “రెండు వేస్తే చోటు మిగిలిందట!”

పిట్ట మావయ్య వంక చూసింది. తల్లి వంక చూసింది. బుగ్గల మీద చెమటా కన్నీళ్ళూ కలిసిపోయి ఉండగానే పకపకా నవ్వింది. నవ్వుతూనే దగ్గింది. “ఇన్ని మోసుకుని ఎక్కానా నేను? మాస్టారూ, చూశారా! ఇన్ని మోసుకుని టైములో వచ్చాను!”

“ఈ కొండ మీద ఇంతవరకూ సీసంతో ఎవరూ రాలేదమ్మా,” అన్నారు మాస్టారు గంభీరంగా.

పిట్ట రెండు అరటిపళ్ళు తినేసింది. సీసాలు నింపుకుంది. కోసిన సంచిలో ట్యూబూ పానాలూ ఎలా ఆగుతాయని కంగారక్క నోట్లో దారం పెట్టుకుని, నిలబడే నాలుగు కుట్లు వేసి ఇచ్చింది. ఆ హడావుడిలోనూ కుట్టు వంకర పోలేదు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే సైకిళ్ళెక్కి అవతలి అంచున మాయమైపోతున్నారు. నది దగ్గర మజిలీకి కూడా ఒక గడువుంది.

పిట్ట సైకిలు అటువైపుకి తిప్పుకుంది. ఒక కాలు పెడలు మీద పెట్టింది, రెండో కాలు నేల మీదే ఉంది. ఎక్కలేదు.

“అమ్మా, ఒప్పందం ఒప్పందమే. నీ కళ్ళతో చూశావుగా. నువ్వు చెప్పు. దిగనా, వద్దా?”

అందరూ ఆవిడ వైపే చూశారు. అడగకముందే జవాబు చెప్పే మనిషి కంగారక్క. ఎదుటివాళ్ళు తుమ్మకముందే కషాయం పెట్టే మనిషి. ఆ మనిషి ఇప్పుడు కత్తెర తీసి స్వెట్టరు జేబులో వేసుకుంది.

డేరా గుడ్డ గాలికి కొట్టుకుంటోంది. మావయ్య ఇనప గొట్టం కింద పెట్టేశాడు. వ్యాను వెనక తలుపు తీసే ఉంది, సైకిలు పట్టేంత చోటు ఖాళీగా ఉంది. కంగారక్క దిగే దారి చూసింది. మొదటి మలుపు దగ్గర అడ్డుగోడ ఉంది. రెండో మలుపు దగ్గర లేదు. గాలి అలాగే ఉంది, ఒక పిసరు కూడా తగ్గలేదు. చెప్పడానికి నోటిదాకా వచ్చిన మాట వారం రోజులుగా నోట్లోనే ఉంది. చిన్న మాట. అది అంటే చాలు, ఈ సాయంత్రం భయం ఉండదు.

ఆవిడ కూతురి చేతుల వైపు చూసింది. బ్రేకుల మీద రెండేసి వేళ్ళు ఆనించి, పట్టీ పట్టనట్టు, పళ్ళు చెక్కేటప్పుడు చాకు పట్టుకునేలాంటి పట్టు. ఆ చేతులు వణకడం లేదు. గాలి వచ్చి జుట్టు ముఖం మీద పడినా పిట్ట వాటిని కదపలేదు. తల్లి వంకే చూస్తూ నిలబడింది. మాస్టారు గడియారం చూడబోయి మానేశారు. బ్యాంకు ఉద్యోగి కూడా సైకిలెక్కి వెళ్ళిపోయాడు. రోడ్డు మీద ఇంక పిట్ట ఒక్కతే.

కంగారక్క ముక్కు ఎగబీల్చింది. స్వెట్టరు చేత్తో కళ్ళు గట్టిగా తుడుచుకుంది.

“ఇంకా నిలబడి నా మొహం చూస్తావేంటే? అవతల టైమైపోతోంది!”